పదకొండు పోగులు

మెల్లగా మాట్లాడాలి, మెల్లగా, మెల్లగా అని మనసులో జపం చేసుకుంటూనే జమున పక్క కుర్చీలోని పిల్లను "లోపలికి ఎన్నో నంబర్ పోయింది?" అని హిందీలో అడిగింది. అంతే, హాల్లో ఉన్న ముప్పై తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఆ పిల్ల చెవులు మూసుకోలేదు గానీ మూసుకున్నంత పని చేసి, ఐదు అని వేళ్లతో చూపించింది. హయ్యో, మళ్లీ అరిచిన్నా? జమున నాలుక కరుచుకుని, ఒడిలో ఉన్న నీలం గుడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. తనది తొమ్మిదో నంబర్. ఒక్కొక్కరికి పావుగంట అనుకున్నా ఇంకా గంట కూర్చోవాలి. గోడ మీద గుజరాతీలోనూ ఇంగ్లీషులోనూ నిశ్శబ్దం పాటించండి అని కాగితం అంటించారు. నిశ్శబ్దం ఎట్లా పాటిస్తారో జమునకు పుట్టి పద్దెనిమిదేళ్లలో ఎవరూ నేర్పలేదు, ఎక్కడ నేర్పుతారు? పేపర్లో పవర్‌లూమ్ అంటారు, పుస్తకంలో మరమగ్గం అంటారు, సూరత్ నగరం కోసాడ్‌లో వీళ్ల గల్లీలో మాత్రం సాంచ అంటారు. అట్లాంటివి నలభై ఎనిమిది ఒక్క షెడ్డులో, దాన్ని ఖాతా అంటారు, ఖటఖటమని కొట్టుకుంటుంటే అక్కడ మంచినీళ్లు కావాలన్నా అరవాల్సిందే. ఊపిరి పీల్చుకున్నంత మామూలుగా అరుస్తారు. ఆ అరుపే ఇంటికీ వస్తుంది, బడికీ వస్తుంది, ఇప్పుడు ఇదిగో అడాజన్‌లో ఈ ఏసీ హాల్లోకీ వచ్చింది.

ఇంటర్వ్యూలో ఎట్లా మాట్లాడాలో, అమ్మ చీరలు కుట్టి ఇచ్చే లత మేడమ్ మూడు ఆదివారాలు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. "అమ్మాయ్, నేను నీ ఎదురుగానే ఉన్నానమ్మా, తాపీ నది అవతలి ఒడ్డున లేను. కాస్త తగ్గించు." మేడమ్‌ది ఆంధ్రా, భర్త హజీరాలో ఇంజనీరు, ఇల్లంతా తెల్లగా చప్పుడు లేకుండా ఉంటుంది. ఆ ఇంట్లో చెంచా పెట్టినా నెమ్మదిగా పెడతారు. ముగ్గురు కూర్చుంటారమ్మా లోపల, మధ్యలో ఉన్నవాళ్ల కళ్లలోకి చూడు, తెలియకపోతే నవ్వు, చేతులు తిప్పకు, ఏంది అనకు, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే చెప్పు. అవన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. మై నేమ్ ఈజ్ జమున, ఐ యామ్ ఫ్రమ్ సూరత్, మా తాతలది సిరిసిల్ల దిక్కు. కాదు కాదు, అది ఇంగ్లీషులో చెప్పాలి. దేశం మొత్తం మీద ఈ బట్టల డిజైన్ కోర్సుకు ముప్పై సీట్లు, రాతపరీక్ష గట్టెక్కినవాళ్లు ఎన్ని వందలో, అందులో తనొకతి. ఎదురు వరుసలో ఉన్న పిల్ల మెడకు ఎర్ర పూసలు వేసుకుంది, ఒళ్లో తోలు ఫైలు ఉంది, వాళ్లమ్మ ఇందాకట్నుంచి చెవిలో ఏదో చెప్తూనే ఉంది, ఆమె పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినపడట్లేదు, ఎంత హాయిగా మాట్లాడుతున్నారు వీళ్లు. జమున కాలు ఆగట్లేదు. చెప్పులో కాలు తనంతట తనే కొట్టుకుంటోంది, ఖట్ ఖట్ ఖట్ ఖట్, ఏడో నంబర్ సాంచ ఇట్లాగే కొట్టుకునేది. ఛీ, మళ్లీ ఏడో నంబరే. గంట నుంచి ఎటు తిప్పినా బుర్ర అక్కడికే పోతోంది.

ఎందుకు పోదు మరి? ఒళ్లో ఉన్న గుడ్డ ఏడో నంబర్ సాంచ మీద నేసిందే. అసలు గుడ్డ వెంట తెచ్చుకో అని యూనివర్సిటీ వాళ్లు మెయిలు పంపించారు. ఫారంలో ఫోటో చూశారంట, నచ్చిందంట, చేత్తో పట్టుకుని చూస్తారంట. నీలం గుడ్డ, మధ్యలో నిలువునా ఒక ముదురు గీత, ఒక దగ్గర సన్నగా, ఒక దగ్గర వంకరగా, పొడుగు పొడుగునా పోతుంది. ఈ గీత ఎట్లా వేశావమ్మా, అని మొదటి ప్రశ్నే అడుగుతారు. దానికి లత మేడమ్ రాసిచ్చిన జవాబు నోటికి వచ్చు, నిద్దట్లో లేపి అడిగినా చెప్తుంది. తాపీ నది మా ఊరి మధ్యలోంచి పోతుంది, రోజూ అమ్రోలి వంతెన మీద నుంచి చూస్తాను, ఆ వంపును నేతలోకి తెచ్చాను. ఎంత బాగుందో! అబద్ధం ఇంత అందంగా ఉంటుందని ఫారం నింపేదాకా జమునకూ తెలియదు. అసలు సంగతి ఈ భూమ్మీద జమునకు ఒక్కదానికే తెలుసు, తెలియాల్సిన మనిషి, తన తండ్రి, ఎదురు గోడకు ఆనించి వేసిన పెద్దవాళ్ల కుర్చీల్లో చివరి కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎవరో లేచి పొమ్మంటారేమో అన్నట్టు కుర్చీ అంచున. కళ్లద్దాలు పెట్టుకుని. ఆ కళ్లద్దాలు కనపడితే చాలు, జమున చూపు పక్కకు తిప్పుకుంటుంది.

బాపుకు అద్దాలేంది అసలు? రాజలింగం అంటే ఖాతాలో అందరికీ తెలుసు, పన్నెండు సాంచాలు ఒక్కడే నడిపేవాడు, ఈ చివర నిలబడి ఆ చివర సాంచ మీద ఒక్క పోగు తెగితే ఇక్కడ్నుంచే కనిపెట్టి ఉరికేవాడు. వెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది పోగు. చిన్నప్పుడు జమున పందెం కాసేది, బాపూ ఇప్పుడేది తెగింది, ఐదోది, ఇప్పుడు, తొమ్మిదోది. ఒక్కసారీ ఓడలేదు. ఇప్పుడు ఆ మనిషే పొద్దున బస్సెక్కుతూ మెట్టు కోసం కాలితో తడుముకున్నాడు. మెట్టు కనపడక కాదు, కనపడుతుందన్న నమ్మకం పోయి. బస్సులో పక్కన కూర్చుని ఈ గుడ్డను చూశాడు, చూసి మొహం అటు తిప్పుకున్నాడు, ఇంకో రెండు స్టాపులు పోయాక అన్నాడు, "గీ గుడ్డెందుకు బిడ్డా? నా కండ్ల తప్పు అది. అంతంత పెద్దోళ్లకు నా తప్పు చూపెడ్తవా? మంచిది వేరేది దొరకలేదా?" బాపు చెవులు సాంచాలకు ఎప్పుడో సగం పోయాయి, ఆయనకు వినపడాలంటే గట్టిగా చెప్పాలి, ఆయన చెప్పేదీ గట్టిగానే ఉంటుంది. బస్సంతా విన్నది. ఎవరికీ తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. జమున కిటికీ బయటికి చూస్తూ, గీత కనపడకుండా గుడ్డను లోపలికి మడిచింది.

ఆ రోజు, ఎండాకాలం, పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, చెయ్యడానికి పనేమీ లేదు, అమ్మ అన్నం డబ్బా ఇచ్చి ఖాతాకు పంపింది. బాపు లేడు. నూలు కండెలు తెచ్చుకోను గోదాంకు పోయిండు, వస్తడు అని పక్క సాంచాలు నడిపే బ్రహ్మచారి అనే ఆయన సైగ చేశాడు. ఏడో నంబర్ ఆగి ఉంది. అడ్డపోగు మోసే నాడె మధ్యలో ఇరుక్కుని బోలెడు పోగులు తెంపేసింది, జమున లెక్కపెట్టింది, పదకొండు. చేతులు దురద పెట్టాయి. నానమ్మ కొమురవ్వ ఒళ్లో కూర్చుని ముడి వెయ్యడం నేర్చుకున్న చేతులు అవి. నానమ్మ కళ్లు మూసుకుని వేసేది ముడి, బొటనవేలు చూపుడువేలు ఒకసారి ఇట్లా అంటే చాలు, గుల్ల ముడి, గింజంత కూడా లేవదు. జమున పదకొండు ముడులూ వేసింది. ఎంత సంబరపడ్డదో! బాపు వచ్చి చూసి, ఎవలు కలిపిన్రే అని అడుగుతడు, నేనే అని చెప్తా అనుకుంది. దువ్వెన పళ్లలా ఉండే అచ్చులోంచి ఒక్కొక్క పోగునూ లాగింది, హ్యాండిల్ జరిపింది, సాంచ మళ్లీ ఖటఖటమని అందుకుంది. ఏ పోగు ఏ సందులోంచి రావాలో, ఆ వరుస ఒక్కటి మరిచిపోయింది. మరిచిపోవడం కాదు, పట్టించుకోలేదు. ముడి మీదే ధ్యాస అంతా. బాపు వచ్చేసరికి సాంచ నడుస్తోంది, అన్నం తిన్నాడు, మామిడికాయ పచ్చడి బాగుందన్నాడు. పోగుల సంగతి చెప్దామనుకుంది, ఈలోగా పదకొండో నంబర్ ఆగింది, ఆయన ఉరికాడు. ఆ తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. ఆ తర్వాత అన్నది ఎంత పెద్ద మాటో అప్పుడు ఆ పిల్లకేం తెలుసు!

తెల్లగుడ్డ మీద ఏమీ కనపడదు. రంగు పడ్డాకే బయటపడుతుంది తప్పంతా. తాకాలు మిల్లుకు పోయి నీలం రంగు పోసుకుని రెండు వారాలకు తిరిగొచ్చాయి, తాకా అంటే గుడ్డ చుట్ట, ఏ చుట్ట విప్పినా ఇదే గీత, పైనుంచి కిందిదాకా. ఖాతా యజమాని శేఠ్ అందరి ముందూ గుడ్డ పరిచి అడిగాడు. రాజలింగం గీతను వేలితో తడిమాడు, ముడులు తడిమాడు. తను వేసినట్టు జ్ఞాపకం లేదు. కానీ సాంచ తనది. ఇంకెవరు ముట్టుకుంటారు? నేను చూడలేదు శేఠ్, నాకు కనపడలేదు, అన్నాడు. నజర్ పోయింది నీది, అన్నాడు శేఠ్. తిట్టను కూడా లేదు, అదే పెద్ద దెబ్బ. పన్నెండు సాంచాలూ బ్రహ్మచారి చేతికి పోయాయి, రాజలింగం కండెల పెట్టెలు మొయ్యడానికి మారాడు. ఎక్కడో కంటి క్యాంపు పెడితే పోయి కూర్చున్నాడు, నలభై ఐదు దాటినోళ్లందరికీ ఇచ్చే అద్దాలే ఈయనకూ ఇచ్చారు, దగ్గరి చూపుకు జర తేడా ఉన్నది, చదువుకునేటప్పుడు పెట్టుకోండి అని డాక్టరు చెప్పాడు, బాపుకు వినపడింది సగం, నమ్మింది మొత్తం. పొద్దున లేచి పెట్టుకుంటే పడుకునేటప్పుడే తీసేది. అదీ సంగతి. రెండేళ్ల నుంచి ఆ మనిషి తన కళ్లను తనే నమ్మట్లేదు, కూరలో ఉప్పు ఎక్కువైనా నాకే తెలుస్తలేదేమో అంటాడు.

చెప్పలేదా అంటే, చెప్దామని ఎన్నిసార్లు అనుకోలేదు! ఒకసారి ఇంట్లో బాపు ఒక్కడే ఉన్నప్పుడు నోరు తెరిచింది, బాపూ నీతో ఒక మాట. "ఆఁ? ఏంది?" అన్నాడు చెవి దగ్గరికి తెచ్చి. ఒక మాట. "గట్టిగ చెప్పు బిడ్డా." గట్టిగా చెప్పాలి. గట్టిగా చెప్తే పక్కింట్లో జరీ కత్తిరించే ఆడవాళ్లు వింటారు, అమ్మ నల్లా దగ్గర్నుంచి వింటుంది, కింద అరుగుల మీద కూర్చున్న ముసలాళ్లు వింటారు, కోసాడ్ కాలనీ మొత్తం వింటుంది. తప్పు ఒప్పుకోవాలంటే ఎవరికైనా గొంతు తగ్గుతుంది కదా. తగ్గిన గొంతు ఆయనకు వినపడదు. ఏం లేదు బాపూ, ఫీజు సంగతి అంది. ఇంకోసారి కాగితం మీద రాసింది, చింపేసింది. ఆ తర్వాత ఆ పని వదిలేసింది, వదిలేశాననుకుంది, మనసు ఎక్కడ వదులుతుంది, అన్నం ముద్ద మింగేటప్పుడు గుర్తొస్తుంది, లెక్కల క్లాసులో గుర్తొస్తుంది. తప్పుపడ్డ తాకా ఒకటి శేఠ్ ఇంటికిచ్చి పంపాడు కదా, తీసుకుపో, నీదే అని. దాంతో అమ్మ దిండు గలీబులు కుట్టింది, పరదాలు కుట్టింది, ఇంట్లో ఎటు చూసినా ఆ గీతే. పడుకుంటే చెంప కింద గీత.

అమ్మ ఊర్మిళ లత మేడమ్ చీరలకు ఫాల్ కుట్టి ఇస్తుంది. ఆ చీరలు మూటకట్టిన గుడ్డ చూసింది మేడమ్. చీరలు పక్కన పడేసి గుడ్డ పట్టుకుంది. ఎక్కడిదమ్మా ఇది, ఎవరు నేశారు, ఈ గీతేంటి ఇంత అందంగా ఉంది, అచ్చం తాపీలా ఉందే! జమున పక్కనే ఉంది. అమ్మ నోరు తెరిచేలోపు జమున అన్నది, నేనే మేడమ్. అదొక్కటీ నిజమే. నేనే. ఆ ఒక్క నిజం మీద మిగతా అబద్ధమంతా మేడమ్ పాపం తెలియకుండానే కట్టుకుంటూ పోయింది. నువ్వే డిజైన్ చేశావా, నది పేరు పెట్టుకున్న పిల్లవి నదే నేశావన్నమాట, నీకు చదువు చెప్పించకపోతే పాపం తగులుతుందే నాకు, అని ఫారం తెప్పించింది, ఫోటో తీసింది, రాతపరీక్షకు పుస్తకాలిచ్చింది. మంచి మనిషి. మంచివాళ్లతో ఇదే చిక్కు, మధ్యలో ఆపి కాదండీ అనాలంటే నోరు రాదు. ఇవ్వాళ పొద్దున కూడా ఫోన్ చేసింది, జమునా, తాపీ జవాబు ఒకసారి చెప్పు, మెల్లగా, ఆఁ, అద్భుతం, వెళ్లి రా.

తలుపు తెరుచుకుంది. ఐదో నంబర్ బయటికి వచ్చింది, ఆరు పోయింది, గడియారం ముల్లు కదిలింది, మధ్యలో జమున నోటుపుస్తకం మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూసింది. మై నేమ్ ఈజ్ జమున. తర్వాతేంది? నిశ్శబ్దంలో తలకాయ పనిచెయ్యట్లేదు. ఖాతా గోడకు వీపు ఆనించి చదువుకున్న పిల్ల, సాంచాలు నడుస్తుంటేనే లెక్కలు వచ్చేవి, కరెంటు పోయి అన్నీ ఆగిపోతే పుస్తకం మూసేది. ఇక్కడ ఏసీ గాలి తప్ప ఏమీ లేదు, ఇట్లాంటి చోట మనిషి లోపలున్నవన్నీ పైకి లేస్తాయి కాబోలు. తాపీ జవాబు చెప్తే సీటు రావొచ్చు. వస్తే ఆ సీటు కింద బాపు కళ్లుంటాయి. ఆయన తన తప్పనుకుని తలొంచుకున్న గీతను నేను నా తెలివని చెప్పుకుని చదువుకోవాలి, నాలుగేళ్లు. నిజం చెప్తే? తప్పును డిజైనని ఫారంలో రాసినవా, అబద్ధాలకోరువి, పో అంటారు. పొమ్మంటే పోయింది, పోతే ఎట్లా, ఇంకెట్లా వస్తుంది ఇట్లాంటిది, అమ్మ రాత్రి దండం పెట్టుకుంటూ ఏడ్చింది కూడా. అయినా నిజం లోపల ముగ్గురు కొత్తవాళ్లకు ముందు చెప్పి బాపుకు తర్వాత చెప్తనా? మళ్లీ ఆ తర్వాతేనా? ఏడో నంబర్ పోయింది. ఎర్ర పూసల పిల్లే ఏడు. పోతూ పోతూ వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వదిలింది.

తల ఎత్తేసరికి బాపు అద్దాల పైనుంచి ఇటే చూస్తున్నాడు. చూస్తూ పెదాలు కదిపాడు. "నీళ్లు తాగినవా?" చప్పుడు లేదు. పెదాలే. జమున అలవాటుగా పెదాలతోనే జవాబిచ్చింది, తాగిన. "భయమైతుందా?" జర. "భయమెందుకు? కాలు ఊపకు." సరే. అని కాలు ఆపుకుంది. ఆపుకున్న తర్వాత, ఒక్క క్షణానికి, తట్టింది. ఇదేంది? ఇంతసేపూ మేం మాట్లాడుకుంటున్నం కదా? సాంచాల కాడ ఇంతే, పని మధ్యలో అరిచి అరిచి గొంతులు పోతాయని దూరం నుంచి పెదాలతో మాట్లాడుకుంటారు, పెదాలు కొంచెం పెద్దగా కదిపితే చాలు, ఈ మూల నుంచి ఆ మూలకు కష్టసుఖాలన్నీ చెప్పుకుంటారు, ఎవరెవరికి పెళ్లి కుదిరిందో ఎవరింట్లో గొడవైందో అన్నీ. జమునకు మాటలు వచ్చేనాటికే ఇది వచ్చు. ఖాతాలో తప్ప ఇంకెక్కడా వాడే పనిపడలేదు, ఇంట్లో అరుపులే కదా, అందుకని రెండేళ్లు తట్టలేదు. గొంతే అక్కర్లేదు. కాలనీ వినదు, హాలు వినదు, నిశ్శబ్దం కాగితం గోడ మీద అట్లాగే ఉండొచ్చు. ఎంత మొద్దునే నేను, అనుకుంది, ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి.

"బాపూ," అని కదిపింది పెదాలు. ఆయన కొంచెం ముందుకు వంగాడు. "ఏడో నంబర్ సాంచ. ఆ రోజు పోగులు కలిపింది నేను." ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. అర్థం కాలేదేమో. మళ్లీ చెప్పింది, ఒక్కొక్క ముక్కే, పెద్దగా, పళ్లు కనపడేలా. "నువ్వు కండెలకు పోయినవ్. నేను అన్నం తెచ్చిన. పదకొండు పోగులు. వరుస తప్పింది నాకు. నీ కండ్లు కాదు బాపూ. నీ కండ్లు మంచిగనే ఉన్నయ్." రాజలింగం పక్కన కూర్చున్న ఎవరి అమ్మో జమునను చూసి, పాపం భయానికి ఏ స్తోత్రమో చదువుకుంటోంది అనుకున్నట్టుంది, ధైర్యం చెప్పినట్టు నవ్వింది. బాపు నవ్వలేదు. నీళ్లు కారుతున్నా జమున తుడుచుకోలేదు, తుడుచుకుంటే చెయ్యి అడ్డొస్తుంది, పెదాలు కనపడవు. ఇప్పుడు లేస్తడు, వచ్చి చెంప మీద ఒక్కటిస్తడు, ఇయ్యనీ. లేచి బయటికి పోతడు. పోనీ. ఏదో ఒకటి చేస్తే బాగుండు. ఎనిమిదో నంబర్‌ను పిలిచారు, ఎవరో లేచారు, తలుపు పడింది. బాపు మోకాళ్ల మీద చేతులు అట్లాగే ఉన్నాయి. అప్పుడు ఆయన పెదాలు కదిలాయి. "రెండేండ్లు." అంతే. ఆ తర్వాత ఇంకొకటి, "రెండేండ్లాయె బిడ్డా." తిట్టు కాదు, కోపం కూడా సరిగ్గా కాదు, పోయిన వస్తువు ఎవరి దగ్గరుందో తెలిసినవాడి మొహంలా ఉంది ఆ మొహం. జమునకు తల దించుకోవాలనిపించింది. దించితే ఆయన ఇంకేమన్నా అంటే కనపడదు. దించలేదు.

రాజలింగం కళ్లద్దాలు తీశాడు. మడిచి జేబులో పెట్టుకోలేదు, ముందు చేతిలో తిప్పి చూశాడు, వాటి కాడలు, అద్దాలు, వేరే ఎవరివో పొరపాటున పెట్టుకున్నట్టు. అప్పుడు పెట్టుకున్నాడు జేబులో. ఉత్త కళ్లతో హాలంతా ఒకసారి చూశాడు, గోడ మీది గడియారం, తలుపు, ఆ మూల ఫ్యాను, మెల్లగా, ఎప్పుడో విడిచిన ఊరికి వచ్చినట్టు. చివరికి జమున ఒళ్లోకి చూశాడు. ముప్పై అడుగుల దూరం, మధ్యలో నాలుగు వరుసల కుర్చీలు. ఆయన చూపుడువేలు లేచింది. గుడ్డ వైపు చూపించింది. పెదాలు, "అంచుకాడ. కుడి దిక్కు. ఒక పోగు లేసింది." జమున వంగి చూసింది. ఏమీ లేదు. వేలితో తడిమింది, ఏమీ లేదు. గుడ్డ కిటికీ వెలుతురు వైపు పట్టుకుంటే అప్పుడు కనపడింది, కుడి అంచున ఒకే ఒక పోగు, వెంట్రుకకన్నా సన్నగా, గాలికి ఊగుతూ. తల ఎత్తింది. బాపు రెండు వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని పళ్లతో కొరికినట్టు చేసి చూపించాడు. తెంపు. తెంపుకుని పో. ఆయన కళ్లల్లో నీళ్లు నిండి ఉన్నాయి, అయినా వెలుగుతున్నాయి, ఈ చివర నుంచి ఆ చివర పోగు కనిపెట్టినప్పుడు వెలిగినట్టు. జమున ఆ పోగును పళ్లతో కొరికింది.

నంబర్ తొమ్మిది, అన్నారు. లేచింది, తలుపు తనే తీసింది, తనే మూసింది. ముగ్గురున్నారు, మధ్యలో నెరిసిన జుట్టావిడ. కూర్చో అన్నారు. గుడ్డ బల్ల మీద పరిచింది. ఆవిడ గీత మీద వేలు పెట్టి కింది దాకా లాగింది, ముడుల దగ్గర ఆగింది, ఇంగ్లీషులో అడిగింది, ఈ గీత గురించి చెప్పు. తాపీ జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. కళ్లలోకి చూడు, చేతులు తిప్పకు, మెల్లగా మాట్లాడు, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే. కానీ తలుపు అవతల ఉన్న మనిషికి ఇంగ్లీషు రాదు, సగం చెవులే ఉన్నాయి, ఇప్పుడు ఆయనకు పెదాలు కనపడవు. జమున ఊపిరి పీల్చుకుంది. లోపలివాళ్లకూ బాపుకూ అర్థమయ్యే హిందీలో చెప్పింది, ఖాతాలో ఆ మూల నుంచి ఈ మూలకు పిలిచే గొంతుతో. పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడి కుర్చీలో వెనక్కి జరిగాడు. ఆ పిల్ల తగ్గించలేదు.

"ఇది నది కాదు మేడమ్. ఫారంలో నేను అబద్ధం రాశాను. పదకొండు పోగులు తెగితే వరుస తప్పి కలిపాను, ఆ తప్పు ఇది. దీన్ని మా బాపు తనదనుకున్నాడు. మా బాపు కళ్లకు ఏమీ కాలేదు."

తలుపు అవతల, గోడ వైపు చివరి కుర్చీ జరిగిన చప్పుడైంది.